గులాబీ ఫారం పిన్ని

మా పిన్ని ఒకసారి ఎంచుకున్నదాన్ని మార్చకుండా వదిలిన దాఖలా లేదు. చెప్పులు కొంటే మర్నాడే దుకాణానికి వెళ్ళి మార్చుకొస్తుంది. క్యాంటీన్‌లో టీ చెప్పి, టీ వచ్చేలోపు కాఫీ అంటుంది, రెండూ వస్తే నా కప్పు లాక్కుంటుంది. అయితే ఆమె ప్రతిభ పూర్తిగా వికసించింది మాత్రం యూనివర్సిటీలో, మేం కంప్యూటర్ సైన్స్ ఎలక్టివ్‌లు ఎంచుకునే రోజుల్లోనే.

పిన్ని అంటే పెద్దావిడ అనుకునేరు. మా అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే అయిదంటే అయిదు నెలలు పెద్ద. మా అమ్మమ్మా, మా అమ్మా ఒకే ఏడాది, ఒకే ఆసుపత్రిలో, ఒకే నర్సు చేతిలో పురుడు పోసుకున్నారు. ఆ అయిదు నెలల పెద్దరికాన్ని పిన్ని ఇప్పటికీ పొదుపుగా వాడదు. ఇద్దరం ఒకే క్లాసులో చేరాం, ఒకే గదిలో అద్దెకు దిగాం. కిటికీ పక్క మంచం తనది, ఎందుకంటే తను పెద్దది. గది ఊడ్చే పని నాది, ఎందుకంటే నేను చిన్నదాన్ని.

మొదటి రోజు క్లాసులో నేను అలవాటు కొద్దీ "పిన్నీ, పెన్నుందా?" అని అరిచాను. అంతే, వారం తిరిగేసరికి క్లాసంతా పిన్నీ అనడం మొదలుపెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే మాస్టారు సైతం ఒకరోజు, "దీనికి జవాబు... పిన్నీ, మీరు చెప్పండి" అని నాలిక కరుచుకున్నారు.

"తప్పేముంది సార్, అలాగే పిలవండి" అంది పిన్ని, మహారాణి వరమిచ్చినట్టు.

మా డిపార్ట్‌మెంట్ పద్ధతి ఇదీ. మూడో ఏడాది నుంచి తప్పనిసరి సబ్జెక్టులు తగ్గిపోతాయి. సెమిస్టర్‌కు మూడు ఎలక్టివ్‌లు మనమే ఎంచుకోవాలి, జాబితాలో ఇరవైకి పైగా ఉంటాయి. మొదటి రెండు వారాలు ఏ క్లాసులోనైనా కూర్చుని చూడొచ్చు, నచ్చకపోతే మారొచ్చు. మారడానికి ఒక గులాబీ రంగు ఫారం ఉంటుంది. వదిలేసే కోర్సు మాస్టారి సంతకం ఒకవైపు, చేరబోయే కోర్సు మాస్టారి సంతకం ఇంకోవైపు, మధ్యలో 'కారణం' అని ఒక గడి. అది నింపి ఆఫీసు కిటికీలో గుమాస్తాగారికి ఇస్తే ఆయన స్టాంపు వేసి పేరు ఎక్కిస్తారు. మామూలు మనిషికి చదువు మొత్తం మీద ఇలాంటి ఫారం ఒకటో రెండో పడతాయి. పిన్నికి వారానికి నాలుగు పట్టేవి.

రెండు ఎలక్టివ్‌లు ఎలాగో ఒకచోట కుదురుగా పెట్టేది. ఆ మూడోదే కాలు నిలవనిచ్చేది కాదు. సోమవారం రహస్య రాతలు నేర్పే క్రిప్టోగ్రఫీలో చేరింది, బుధవారం వదిలేసింది. కారణం గడిలో రాసింది: 'నా కడుపులో మాట దాగదు.' అక్కణ్ణుంచి ప్యారలల్ కంప్యూటింగ్‌లో దూకింది. శుక్రవారం అదీ అయిపోయింది: 'నేను ఒక్క పనే సరిగ్గా చేయలేను, ఒకేసారి ఎనిమిది ఎలా చేయించను?' తర్వాత కంప్యూటర్ గ్రాఫిక్స్. అది వదలడానికి ఒక్క మాటే రాసింది: 'ఫ్యాన్.'

గ్రాఫిక్స్ మాస్టారు పాపం సాత్వికుడు. ఆ ఫారం చూసి నొచ్చుకుని, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, నిచ్చెన వేయించి, ఫ్యాన్‌ను రెండడుగులు జరిపించారు. ఆ గాలికి కూర్చోవడానికి మా పిన్ని అక్కడ లేదు. అప్పటికి డేటాబేసుల్లో ఉంది.

"నీకు అసలు ఏం చదవాలనుందే... అదే, పిన్నీ?" అని అడిగాను.

"అన్నీ రుచి చూడాలే. నీలాగా మూసిన గిన్నె ముందు దండం పెట్టుకుని కూర్చోను."

ఆ ఎత్తిపొడుపు నా చార్టు మీద. రెండో ఏడాదిలోనే నేను పెద్ద అట్ట మీద చార్టు గీసి గోడకు అంటించాను. ఏ సెమిస్టర్‌లో ఏ ఎలక్టివ్, దానికి ముందు ఏది చదివి ఉండాలి, ఏది ఏ రంగు, అంతా పక్కా. పిన్ని ఆ చార్టు మీద తన తువ్వాలు ఆరేసేది.

గుమాస్తాగారి బాధ వేరు. "అమ్మా, ఈ ఏడాది గులాబీ కాయితం రెండుసార్లు తెప్పించాను. పై ఆఫీసువాళ్ళు మీ దగ్గర ఏం జరుగుతోందని అడిగారు. ఏం చెప్పను?"

"పిల్లలు శ్రద్ధగా చదువుతున్నారని చెప్పండి" అనేది పిన్ని. అని, కిటికీలోకి మెడ దూర్చి ఆయనతో ఏదో గుసగుస. ఆయన రిజిస్టరు తిప్పి చూపించేవారు. ఈవిడ తల ఊపి మరో ఫారం అడిగేది. ఆమెకు కబుర్లంటే ప్రాణం కదా, ఆయన్ను కూడా వదలట్లేదు అనుకునేదాన్ని.

ఇక నా గొడవకు వస్తాను. నా చార్టులో అన్నిటికంటే పైన ఎర్ర అక్షరాలతో రాసుకున్నది కంపైలర్స్. మనుషులు రాసిన మాటల్ని యంత్రం చేయగలిగే పనులుగా ఎలా మార్చాలో నేర్పే కోర్సు. దాని మీద నాకెందుకంత మోజంటే, మా నాన్న. నాన్నకు ఎంబ్రాయిడరీ మెషీన్ల దుకాణం ఉంది. కొత్త పువ్వు కావాలంటే మెషీన్ పక్కన చిన్న తెర ముందు కూర్చుని, సూది ఎక్కడ దిగాలో ఒక్కొక్క కుట్టూ బటన్లు నొక్కి చెప్పాలి. ఒక్క పువ్వుకు రెండు వేల కుట్లు. నాన్న కళ్ళు మునుపటిలా లేవు, పొద్దుగూకేసరికి ఎర్రబడి నీళ్ళు కారేవి. ఆయన 'ఆరు రేకులు, ఎరుపు, అరచేయంత' అని రాస్తే చాలు, మిగతా కుట్లన్నీ మెషీనే వేసుకునేలా ఒక చిన్న భాష తయారుచేయాలని నా ఆశ. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుగా అదే చేస్తానంటే, కంపైలర్స్ చదివినవాళ్ళకే ఆ ప్రాజెక్టు ఇస్తామన్నారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ కోర్సు రెండేళ్ళకొకసారి పెడతారు. ఈ నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో తప్పితే నాకు మళ్ళీ దొరకదు. పాఠం పొద్దున ఎనిమిదింటికి. చెప్పే మేడం ఎనిమిదీ ఒకటికి తలుపు గడియ వేస్తారు. పైగా డిపార్ట్‌మెంట్ నియమం ఒకటుంది: రెండో శుక్రవారం సాయంత్రం అయిదింటికి లెక్క చూస్తారు, పదిమంది లేని కోర్సు ఎత్తేస్తారు. మా కంపైలర్స్‌లో తొమ్మిదిమందిమి ఉన్నాం. పది రోజులుగా తొమ్మిదిమందిమే.

బుధవారం నాడు అభిమానం చంపుకుని పిన్నిని అడిగాను. "ఇరవై కోర్సులు తిరుగుతావు. ఈ ఒక్కదాంట్లో చేరవా? నీకు పుణ్యముంటుంది."

పిన్ని అప్పుడు కంప్యుటేషనల్ జామెట్రీలో ఉంది, కొత్తగా వచ్చిన లెక్చరర్ మొదటిసారి చెబుతున్న కోర్సు. గోళ్ళు కత్తిరించుకుంటూ తలెత్తకుండానే అంది: "ఎనిమిదింటికా? ఆ టైముకు నాకు పేరే గుర్తుండదు. ఇప్పుడు కుదరదే."

"గ్రాఫిక్స్ వదలడానికి ఫ్యాన్ సరిపోయింది. నా కోసం ఈ జామెట్రీ వదల్లేవా?"

"ఇక్కడ ఫ్యాన్ బాగుందిలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు దేని మీదా నిలకడ లేదు, ఎవరి మీదా ప్రేమ లేదు. మా నాన్న నీకు బావ అవుతాడు, గుర్తుందా? నీ స్కూలు యూనిఫాం మీద పేరు కుట్టింది ఎవరు?" అని, చార్టు మీది తువ్వాలు తీసి ఆమె మీదికి విసిరి, గోడవైపు తిరిగి పడుకున్నాను. గురువారమంతా మాటల్లేవు. నేను గది కూడా ఊడ్వలేదు. పిన్ని తన మంచం కింద మాత్రం ఊడ్చుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం పిన్ని కనిపించింది, గ్రంథాలయం మెట్ల మీద. ఎప్పుడూ చెవుల్లో పాటలు పెట్టుకుని తిరిగే మా క్లాసు అమ్మాయి ఒకతె ఉంది. పిన్ని ఆమె వెంట పడి, ఒక చెవిలోది పీకి మరీ ఏదో చెబుతోంది. నా బతుకు ఇక్కడ బుగ్గవుతుంటే ఈవిడ కబుర్లలో పడింది అనుకున్నాను.

నాలుగయింది. నోటీసు బోర్డు మీద కంపైలర్స్ ఎదురుగా ఇంకా తొమ్మిదే. అయిదయ్యాక కోర్సు పోతే మంచి ఎలక్టివ్‌ల్లో చోటుండదు. గుండె రాయి చేసుకుని నేనూ ఒక గులాబీ ఫారం తీసుకున్నాను, నా జీవితంలో మొదటిది. ముందు ఇంకో కోర్సు మాస్టారి సంతకం తీసుకుని మేడం దగ్గరికి వెళ్తే ఆవిడ సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టుకున్నారు. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాలుగూ నలభైకి కిటికీ దగ్గర ఫారం ఇచ్చాను. గుమాస్తాగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. "కంపైలర్స్ వదిలేస్తున్నావా? అయ్యో, నా కళ్ళజోడేదీ?"

"మీ ముక్కు మీదే ఉందండీ."

"ఇది చదివేది కాదమ్మా. చదివేది వేరే ఉంది." సొరుగులన్నీ వెతికారు. దొరికాక తుడిచారు. తర్వాత స్టాంపు ఇంకు ఎండిపోయిందన్నారు. ఇంకు పోశారు. అది నానాలన్నారు. మంచినీళ్ళు తాగొచ్చారు. గడియారం అయిదుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది, నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"తొందరగా కొట్టండి బాబుగారూ, మీకు దండం పెడతాను."

ఆయన స్టాంపు పైకెత్తారు. అప్పుడే వరండా చివర చెప్పుల చప్పుడు. పిన్ని! ఒక చేత్తో పాటల అమ్మాయి మణికట్టు, ఇంకో చేత్తో రెండు గులాబీ ఫారాలు, రొప్పుతూ వచ్చి కిటికీకి కొట్టుకుంది.

"స్టాంపు పడిందా?"

"ఇంకా లేదమ్మా" అన్నారు గుమాస్తాగారు నింపాదిగా.

పిన్ని కిటికీలో చెయ్యి పెట్టి నా ఫారం లాగి నాలుగు ముక్కలు చేసింది. "దద్దమ్మా! నేను పదోదాన్నై వస్తుంటే నువ్వు పోయి మళ్ళీ తొమ్మిది చేస్తావా? మేడం దగ్గరికి వెళ్తే 'మీ అక్క కూతురు ఇప్పుడే సంతకం పెట్టించుకుని వెళ్ళింది' అన్నారు. రెండంతస్తులు పరిగెత్తించావు కదే!"

"మరి బుధవారం కుదరదన్నావు?"

"బుధవారం జామెట్రీలో నేను పదోదాన్ని. నేను లేస్తే ఆ కొత్త లెక్చరర్ కోర్సు కూలిపోతుంది. నా కుర్చీలో కూర్చోబెట్టడానికి ఈ పిల్లను పట్టుకునేసరికి ఇంతయింది. ఈవిడ చెవి ఖాళీగా దొరికితేనా!"

పాటల అమ్మాయి చెవుల్లోవి తీసి, "ఆ రూములో ఫ్యాన్ బాగుంటుందన్నారు" అంది.

గుమాస్తాగారు రెండు ఫారాల మీదా టకటకా స్టాంపు కొట్టారు, ఇంకు చక్కగా పడింది. అప్పుడు నావైపు తిరిగి, "మొదటిసారి ఎలక్టివ్‌లు ఎంచుకున్నప్పుడు ఒక కోర్సు తొమ్మిదిమందితో ఆగిపోయిందమ్మా. ఆ మాస్టారు సెమిస్టర్ మొత్తానికి పాఠాలు రాసుకుని ఉన్నారు. ఆ కట్ట చంకలో పెట్టుకుని వెళ్ళిపోవడం మీ పిన్ని చూసింది. అప్పట్నుంచి రోజూ వచ్చి, ఏది తొమ్మిది దగ్గర ఆగిందని అడుగుతుంది. అందులో చేరుతుంది. పదకొండోవాళ్ళు వచ్చాక ఇంకోదానికి పోతుంది. క్రిప్టోగ్రఫీ, ప్యారలల్, గ్రాఫిక్స్... అన్నీ అలా నిలబడ్డవే. నువ్వేదో చార్టు గీసుకున్నావట, అందులో నాలుగు కోర్సులు ఈవిడ పుణ్యమే" అన్నారు.

నాకు సిగ్గూ సంతోషం ఒకేసారి ముంచుకొచ్చాయి. "ఎవరికీ చెప్పలేదేం పిన్నీ?"

"చెబితే పదోవాళ్ళెవరొస్తారే? పిన్ని ఉందిలే అని అందరూ కాళ్ళు చాపుకుని కూర్చుంటారు."

ఆమె ఫారం బల్ల మీద తిరగేసి ఉంది. తిప్పి చూశాను. 'కారణం' గడిలో హడావిడిగా గీకిన అక్షరాలు: 'అక్క కూతురు అలిగింది. గది ఊడ్వడం లేదు.'

గడియారం అయిదు కొట్టింది. గుమాస్తాగారు కిటికీ తలుపు దగ్గరికి లాగారు. అప్పుడు తెలిసొచ్చింది మా పిన్నికి, ఇక మారడానికి వీల్లేదని. "అంటే, సెమిస్టర్ అంతా ఎనిమిదింటికేనా?" అంది, రంగు వెలిసిన ముఖంతో.

ఎనిమిదింటికే. రోజూ నేను ముందు, నా భుజం మీద తల వాల్చి నిద్రలో నడుస్తూ ఆమె వెనక. చివరి వరుసలో బల్ల మీద పడుకునే పాఠాలన్నీ విన్నది. పరీక్షల్లో నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. ఆ సంగతి మా ఇంటిల్లిపాదికీ తనే ఫోన్ చేసి చెప్పింది.

ప్రాజెక్టు పూర్తయ్యాక సెలవుల్లో నాన్న దుకాణంలో మొదటిసారి ఆ భాషను మెషీన్‌కు ఎక్కించాం. నాన్న పెద్ద అక్షరాల్లో మూడు లైన్లు రాసి, కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని చూశారు. సూది తనంతట తనే గబగబా కుట్టుకుపోయింది. ఒక చిన్న దిండు గలీబు, బల్ల మీద తల పెట్టుకునేంత. మధ్యలో ఆరు రేకుల పువ్వు, దాని నడుమ 'పది' అని అందంగా కుట్టి ఉంది. నాన్న కళ్ళు తుడుచుకోవాల్సిన పని లేకుండానే తుడుచుకుని, "మా మరదలికి" అన్నారు.

పిన్ని దాన్ని బుగ్గకు ఆనించుకుంది. గుండెకు హత్తుకుంది. దూరంగా పట్టుకుని చూసింది. తల ఒకవైపు వాల్చింది.

"బావా, చాలా బాగుంది. కానీ ఈ ఎరుపు బదులు నీలం అయితే?"

నాన్న నావైపు చూశారు. నేను సంచిలోంచి ఒక గులాబీ ఫారం తీసి పిన్ని చేతిలో పెట్టాను.

"కారణం రాసి తీసుకురా పిన్నీ."