లష్కర్ బీడు హద్దురాయి

బషీరాబాద్ దాటి కర్ణాటక వైపు పోతుంటే, మా ఊరి పొలాలు అయిపోయే చోట ఒక బీడు ఉంది. నిజాం కాలంలో అక్కడ సైన్యం దిగేదట. గుర్రాలను కట్టేసిన రాళ్లు, కూలిన గోడలు, నీళ్ల కోసం తొలిచిన పొడుగాటి రాతి తొట్టి ఇంకా ఉన్నాయి. మేం దాన్ని లష్కర్ బీడు అంటాం. సిపాయిలు పోయారు, గుర్రాలు పోయాయి, ఇప్పుడు ఆ తొట్టిలో మా గొర్రెలు తాగుతాయి. ఎండాకాలం మా మందకు మేత అక్కడే, నీళ్లూ అక్కడే. అది పోతే జీవాలను అమ్ముకోవడమే, వేరే దారి లేదు.

బీడు చివర ఒక రాయి ఉంది, దాని అవతల కర్ణాటక. నేను కాపురానికి వచ్చేసరికే అది హద్దురాయిలా లేదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. గొర్రె ఈనితే ముర్రుపాలు ముందు ఆ రాయికి పోస్తాం. ఏటా శ్రావణంలో సున్నం కొట్టి ఎర్రటి జాజు బొట్లు పెడతాం. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో మా అత్తకు కూడా తెలియదు. సున్నం మీద సున్నం పడి రాయి గుండ్రంగా ఉబ్బిపోయింది. అది ఉన్నంత కాలం మందలోకి తోడేలు రాదని అత్త నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు గానీ, సున్నం బకెట్ మోసేది మాత్రం నేనే.

మొన్నామధ్య, అవతల నాపరాయి గని తవ్వే కంట్రాక్టరు ఎర్రజెండాలు పాతుకుంటూ మా బీడులోకి వచ్చాడు. అసలు హద్దు ఇటువైపు వాగు దగ్గర ఉందట. బీడు మొత్తం కర్ణాటకదేనట, అక్కడిదాకా తవ్వుకోవడానికి తనకు పర్మిషన్ ఉందట! రాయి కనబడుతలేదా అని అడిగితే నవ్వాడు.

"అది హద్దురాయి ఎట్లైతదమ్మా? మీ దేవుడు. ట్రాక్టర్ ఇస్త, తీస్కపోయి మీ ఇంటి ముందర పెట్టుకోన్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి రెండు రాష్ట్రాల సర్వేయర్లనూ అక్కడికి రప్పించాను. మా వైపు సర్వేయరు పటం విప్పి, ఇక్కడ నంబరు చెక్కిన రాయి ఉండాలన్నాడు. మా రాయి చుట్టూ తిరిగి చూశాడు. తెల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు.

"నంబర్ కనబడకుంటే నేనేం జెయ్యలేనమ్మా. రాయి పోయిందని రాసి, వాగునే హద్దు అనుకోవాల్సి వస్తది."

మా భక్తే మా కొంప ముంచింది! కంట్రాక్టరు మీసం దువ్వుకుంటున్నాడు.

"నంబర్ సున్నం కింద ఉంటది సార్. జర ఆగున్రి, నేను గీకుత" అన్నాను.

అంతే, మా అత్త వచ్చి రాయికి అడ్డంగా కూర్చుంది. "పిచ్చి లేసిందా నీకు? దేవుని తోలు ఒలుస్తవా? రేపు మందకు రోగమొస్తే ఎవలకు మొక్కుదము?"

"బీడు పోతే మందే ఉండదత్తా! ఇగ రోగం దేనికొస్తది? లెవ్వు."

"నన్ను తొక్కి గీకు."

అత్తకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. ఆ రోజు చెప్పాను. రెక్క పట్టి పక్కకు జరిపాను. ఆమె ఏడుస్తూ శాపనార్థాలు పెట్టింది. కంట్రాక్టరు మనుషులు కిసుక్కుమన్నారు. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు! అయినా కొడవలి మొనతో మొదలుపెట్టాను. సున్నం పెళ్లలు పెళ్లలుగా ఊడింది. తెలుపు కింద ఎరుపు, ఎరుపు కింద మళ్లీ తెలుపు. "ఏనూ ఇల్ల, ఏనూ ఇల్ల" అని, అక్కడేమీ లేదని కంట్రాక్టరు కన్నడంలో అంటూనే ఉన్నాడు. సున్నం గోళ్లలోకి పోయి మంట పుడుతోంది. వాడు అన్న కొద్దీ నాకు పంతం పెరిగింది.

చివరికి నల్లటి రాయి తేలింది. దాని మీద ఒక గీత, గీత పక్కన అంకె. సర్వేయరు కూర్చుని నీళ్లు పోసి కడిగాడు. సున్నం కింద దాగి ఉండబట్టి అంకె కొంచెం కూడా అరగలేదు. అవతలి సర్వేయరు తన పటంలో చూసుకుని, హద్దు ఇదేనని ఒప్పుకున్నాడు. జెండాలు పీకేయమన్నాడు.

కంట్రాక్టరు ఊరుకుంటాడా! "సర్కారు రాయిని ఖరాబు చేసిన్రు సార్, వీళ్ల మీద కేసు పెట్టాలె!" అని అరిచాడు. మా సర్వేయరు కూడా నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇది సర్కారు రాయి. ఇగ మీరు ముట్టొద్దు."

నేను నోరు తెరిచేలోపే మా అత్త లేచింది. కళ్లు కూడా తుడుచుకోలేదు.

"సర్కారు రాయా? గీ హద్దు పొంటి ఉన్న మీ రాళ్లన్ని ఏడికి పోయినయి సారూ? ఒక్కటి చూపియ్యి. ఒక్కటన్న ఉన్నదా? బండలోళ్లు ఎప్పుడో కోసి అమ్ముకున్నరు. మేం మొక్కినం గనుకనే గిదొక్కటి మిగిలింది. ముట్టుతం! రేపు పొద్దుగాల పాలు తెచ్చి పోస్తం. నా కోడలు కూడ పోస్తది. ఏం జేసుకుంటవో జేస్కో!"

మరునాడు పాలచెంబు ఆమె పట్టుకుంది. నేను పక్కన నడిచాను. ఇద్దరం రాయిని ముట్టాం.