రెండు గంటలు దాటిన బిర్యానీ

2022 చివర్లో నేను అబుదాబిలో ఒక కేటరింగ్ సంస్థలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ని. రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో జరిగే ఒక మేళాలో మన తెలుగువాళ్లు ఒక్కరోజు బిర్యానీ స్టాల్ పెడుతూ, పర్యవేక్షణ నాకు అప్పగించారు. స్కాఫోల్డింగ్ మీంచి పడి వెన్ను విరిగిన రాజన్నని విమానంలో స్ట్రెచర్ మీద జగిత్యాల పంపే ఖర్చు కోసం ఆ స్టాల్. అతని కంపెనీ అప్పటికే మూతపడింది. ఇంటికి చేర్చేదేదో త్వరగా చేర్చమన్నారు డాక్టర్లు.

ఇక్కడ ఎవరు పడితే వాళ్లు విరాళాలు అడగడం నేరం. అందుకని లైసెన్సున్న స్వచ్ఛంద సంస్థ పేరు మీద అనుమతి తెచ్చాం, హుండీకి వాళ్లే సీలు వేశారు. ఇళ్లలో వండింది పనికిరాదు కాబట్టి మా సంస్థ వంటగదిలోనే వండించాం. స్టాల్లో పొయ్యి పెట్టకూడదు. కాగితాల్లో ఒక్క లోటూ లేదని కాలరెగరేసుకుని తిరిగాను.

అమ్మకం చకచకా సాగుతుందని బిర్యానీని వంటగదిలోనే రేకు డబ్బాల్లో నింపించాను. ఆ తెలివి నాదే. మైదానంలోకి వ్యాన్ వెళ్లాలంటే విడిగా గేట్ పాస్ ఉండాలని మాత్రం తట్టలేదు. ఆఫీసులో అలాంటివి వేరే గుమాస్తా చూసుకునేవాడు. సెక్యూరిటీ వాళ్లు వ్యాన్ ఆపేశారు. ఫోన్ల మీద ఫోన్లు చేసి, మేళా ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, వెతికి సంతకం పెట్టించేసరికి రెండున్నర గంటలు గడిచాయి.

డబ్బాలో థర్మామీటర్ గుచ్చితే నలభై రెండు చూపించింది. వేడి ఆహారం అరవై డిగ్రీల పైనే ఉండాలి. అంతకన్నా చల్లారి రెండు గంటలు దాటితే పారేయాల్సిందే. పల్చటి రేకు డబ్బాల్లో అది గేటు దగ్గరికి వచ్చేసరికే ఆ గీత దిగిపోయింది. అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

పారబోయాలన్నాను. రాజన్న గదిలోనే ఉండే గంగారాం అనే మేస్త్రీ, వారానికి దొరికే ఒక్క సెలవునీ స్టాల్‌కిచ్చిన మనిషి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మకుంటె మానె సాబ్, మేం తింటం. క్యాంపుల ఇంతకన్న సల్లటి బువ్వ దినాం తింటనే ఉన్నం."

పారేసినదాన్ని ఎవరూ తినకుండా బ్లీచ్ పోయాలన్నది పద్ధతి. అతని కళ్లముందే పోశాను. "ఖలాస్," అని గంగారాం ఖాళీ హుండీ పక్కన కూలబడ్డాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అనుమతి ఆ ఒక్కరోజుకే. మళ్లీ దరఖాస్తు పెట్టాం. అది మంజూరయ్యేలోపే రాజన్నకి న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలోనే పోయాడు. రెండో అనుమతి కాగితం ఎవరికీ పనికిరాలేదు.

పారబోయడం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. రేపైనా అదే చేస్తాను. తప్పు అంతకు ముందే జరిగింది. బిర్యానీ పొయ్యి దిగినప్పుడే స్టాల్ మొదలైనట్టు లెక్క. అక్కణ్నుంచి స్టాల్ బల్ల దాకా దారిలో ఉన్న ప్రతి గేటుకీ పాస్ చేతికొచ్చాకే పొయ్యి వెలిగించాలి. ఆ రోజు నేను ముందు పొయ్యి వెలిగించాను.