లిఫ్టు మెకానిక్ నొక్కిన చీజ్

మా తోడల్లుడు ఒక్క వేసవిలో ముప్పై కిలోలు తగ్గాడు, అదీ రోజూ చీజ్ తింటూ. సరే, ముప్పై కాదు. కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి, లెక్క తప్పితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు కాబట్టి సరిగ్గానే చెబుతాను: నాలుగు. తినడం కూడా రోజూ కాదు. తినేలా అది కుదిరితే కదా!

అతను లిఫ్టు మెకానిక్. లిఫ్టు పెట్టె కప్పుకి ఉండే చిన్న తలుపులోంచి పైకెక్కి తాళ్లు చూడటం అతని పని. ఇరవై ఆరేళ్లు ఎక్కినవాడు ఆ ఏప్రిల్లో పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. ఇద్దరు చెరో కాలూ పట్టుకుని లాగితే గానీ కిందికి రాలేదు. సూపర్‌వైజరు చూడనే చూశాడు.

"నెల టైమిస్తున్నా. అప్పటికీ పట్టకపోతే ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోండి."

వేరేవాళ్లు బాగుచేసే లిఫ్టుల కంప్లయింట్లు తను రాసుకోవడమా? దానికన్నా జైలు నయమనుకున్నాడు. మర్నాటి నుంచి ఎండ ఎక్కకముందే నడక, వచ్చాక వంటింటి గచ్చు మీద పుషప్‌లు మొదలెట్టాడు. సరిగ్గా అప్పుడే అతని భార్యకి, అంటే మా మరదలికి, ఇంట్లో చీజ్ ఎలా అవుతుందో చూడాలన్న పిచ్చి పట్టింది.

"ఎలాగూ నడుస్తున్నారుగా, ఆ కాళ్లతోనే పాలు పట్రండి."

పాలయ్యాక పల్చటి గుడ్డ. గుడ్డయ్యాక పాలు గడ్డకట్టే మందు, అది ఊరి ఆ చివర. తర్వాత థర్మామీటరు.

"ఎవరికండీ జ్వరం?" అన్నాడు మందుల షాపాయన.

"పాలకి" అన్నాడు మావాడు చెమట తుడుచుకుంటూ.

రెండుసార్లు పాలు పాడయ్యాయి. రెండుసార్లూ మళ్లీ నడక. మూడోసారి గడ్డ కట్టింది. దాన్ని గుడ్డలో చుట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, పైన చెక్క మూత వేసింది. "సాయంత్రం దాకా దీని మీద పది కిలోల బరువుండాలి" అంది.

ఇంకొకడైతే రెండు ఇటుకలు పెట్టి ఊరుకునేవాడు. ఈ మహానుభావుడు కప్పు కొక్కేనికి కప్పీ బిగించాడు. తాడు ఒక కొసకి మూతా, దాని మీద పది కిలోల ఇనప పలకా కట్టాడు. రెండో కొసకి సరిగ్గా అంతే బరువున్న ఇంకో పలక వేలాడదీశాడు, లిఫ్టుకి చేసినట్టే. చిటికెనవేలితో ఎత్తితే మూత లేచింది, వదిలితే గాల్లోనే నిలిచింది.

"చూశావా, ఎంత తేలిగ్గా ఉందో!" అని మురిసిపోయి, మూత గిన్నెకి ఆనించి డ్యూటీకి వెళ్లిపోయాడు.

సాయంత్రం గుడ్డ విప్పితే చీజ్ పొద్దున్న ఎలా ఉందో అలాగే నీళ్లోడుతోంది.

"బరువు పెట్టమంటే ఉన్న బరువు కూడా లాగేశారా?"

"బ్యాలెన్సు లేకపోతే ఎలాగే? తాడు తెగితే?"

"తెగితే నా చీజ్ అయ్యేది!"

రెండో పలక విప్పెయ్యరా బాబూ అని నేనూ చెప్పాను. వింటేనా! బ్యాలెన్సు లేకుండా బరువన్నది ఇరవై ఆరేళ్లలో వదల్లేదట, ఇప్పుడూ వదలడట.

"బావా, మీరు తప్పుకోండి" అంది మరదలు. గిన్నె తెచ్చి గచ్చు మీద పెట్టింది. "అయితే మీ బరువే పెట్టండి. ఆ పుషప్‌లేవో దీని మీద తియ్యండి."

ఇక రోజూ అదే వరస. మూత మీద అరచేతులు ఆనించి అతను లేవడం, దిగడం, ఆవిడ లెక్కపెట్టడం. "ఇరవై... మోసం చెయ్యకండి, నీళ్లు రావట్లేదు... ఇరవైయే!" అయిన చీజ్ బూటు అడుగులా ఉండేది. మర్నాడు మళ్లీ పాలకి నడక.

నెలాఖరున సూపర్‌వైజరు లిఫ్టులో కింద నిలబడ్డాడు. కప్పు తలుపులోంచి మావాడి తల దూరింది, భుజాలు దూరాయి, పొట్ట దగ్గర ఆగింది. మావాడు ఊపిరంతా వదిలేశాడు. పొట్ట సర్రున జారింది. చొక్కాకి మీగడ రాసుకున్నాడని నా అనుమానం.

"తాళ్లు బాగున్నాయి సార్" అని పైనుంచి వినిపించింది.

ఇది రాసి అతనికే చదివి వినిపించాను. స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"అన్నయ్యా, ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. నేనెప్పుడూ ఎక్కడా ఇరుక్కోలేదు. మా ఇంట్లో ఎవరూ చీజ్ చెయ్యలేదు."