చార్మినార్ మీదుగా ఒక కారు అద్దం

1978 జూలై 12, బుధవారం. కంచన్‌బాగ్.

ఈ ప్రయాణంలో ఉన్నవారు: నేను; మా పక్కింటి యాదగిరి, నాలుగు బర్రెలూ ఒక పాత అంబాసిడర్ టాక్సీ ఉన్న మనిషి; అతని భార్య సత్తెమ్మ; కారు అద్దాలు బిగించే గౌస్ భాయ్; రిక్షా నర్సయ్య.

సోమవారం సాయంత్రం చాంద్రాయణగుట్ట దగ్గర ముందు పోతున్న లారీ టైరు కింది నుంచి ఒక రాయి లేచి యాదగిరి కారు ముందు అద్దానికి తగిలింది. అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా రాలి అతని ఒళ్లో పడింది. మనిషికి గీత కూడా పడలేదు. అయితే గురువారం ఉదయం ఎనిమిది గంటలకు ఆ కారును మా పేటకు దగ్గర్లో ఉన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర చూపించాలి. అక్కడి ఆఫీసర్ల కోసం ఒక కారును నెలవారీ అద్దెకు తీసుకుంటున్నారు. దరఖాస్తు పెట్టుకున్నవి మూడు కార్లు, తీసుకునేది ఒకటి. స్టేషన్ల దగ్గర బేరాల కోసం పొద్దంతా నిలబడే బాధ తప్పుతుందని యాదగిరి ఆరు నెలలుగా దీని కోసం తిరుగుతున్నాడు. దరఖాస్తు రాసిచ్చింది నేనే.

బుధవారం అతను కాగితాల కోసం రవాణా ఆఫీసులో నిలబడక తప్పదు. అందుకని అద్దం తెచ్చే పని నేను తీసుకున్నాను. ముప్పై ఏళ్లు ప్రభుత్వ గోదాములో స్టోర్‌కీపరుగా పని చేసిన నాకు సామాను తేవడం కొత్త కాదు.

పాత అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ బాగుంటే అదే మళ్లీ పనికొస్తుందని ఎవరో చెప్పారు. మంగళవారం సాయంత్రం దాన్ని ఊడదీసి, మట్టి, గాజు నలుసులు పోవాలని ఒక తొట్టిలో కిరోసిన్ పోసి తెల్లవార్లూ నానబెట్టాను. గోదాములో ఏ విడిభాగం వచ్చినా ముందు కిరోసిన్‌లో పడేసేవాళ్లం. పొద్దున తీసి చూస్తే నల్లగా నిగనిగలాడుతోంది. పాత పేపరులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

7.25కు బస్సు ఎక్కాను. చార్మినార్ మీదుగా అఫ్జల్‌గంజ్ పోయే బస్సు. ఎడమవైపు సీటు పట్టుకుంటే ఫలక్‌నుమా దిగేటప్పుడు గాలి బాగా వస్తుంది. టికెట్ ఇస్తూ కండక్టరు కిరోసిన్ వాసనకు ముక్కు ఎగబీల్చాడు.

"పెద్దాయనా, సంచిల గ్యాసు నూనె డబ్బా ఉన్నదా? బస్సుల తేవద్దు."

"డబ్బా కాదు నాయనా, రబ్బరు" అని విప్పి చూపించాను.

"రబ్బరుకు గ్యాసు నూనె ఎందుకు తాపిండ్రు?" అని నవ్వి ముందుకు పోయాడు. నేనూ నవ్వాను.

8.20కి అఫ్జల్‌గంజ్. కారు అద్దాల దుకాణం పదింటికి గానీ తెరవరు. నా తరవాత ఇదే పని మీద పోయేవాళ్లు అంత తొందరగా బయల్దేరనక్కర్లేదు. ఇరానీ హోటల్లో రెండు చాయలు తాగి, పేపరు రెండుసార్లు చదివాను. దుకాణంలో అద్దం ఉంది. కొత్త రబ్బరు మాత్రం పదిహేను రోజులుగా లేదు, వచ్చే వారం వస్తుందట.

"బిగించే మనిషి?" అని అడిగాను.

"గౌస్ భాయ్. ఆయనకు దుకాణం గికాణం లేదు. ఎక్కడ కారు అద్దం పగిలితే అక్కడ ఉంటడు. ఇయ్యాళ శాలిబండ అన్నడు. సైకిలు మీద తగరం డబ్బా ఉంటది, చూసుకోండ్రి" అన్నాడు దుకాణం సేటు.

వచ్చిన దారినే మళ్లీ బస్సు పట్టుకుని శాలిబండలో దిగాను. మూడు సందులు తిరిగాక, 10.50కి, ఒక గోడకు ఆనించిన సైకిలు, దాని మీద తగరం డబ్బా కనిపించాయి. పక్కన నిలిపిన కారులోంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. నా మాట విని ఆ కాళ్ల తాలూకు మనిషి లేచి కూర్చున్నాడు. యాభై దాటిన వయసు, నెరిసిన గడ్డం, చేతులు మాత్రం కుండలు చేసేవాడి చేతుల్లా మెత్తగా ఉన్నాయి. ఇంకా సంచి విప్పలేదు. కిరోసిన్ వాసనకే ఆయన ముఖం మారింది.

"సాబ్, ఆ సంచిల ఏముంది?"

"రబ్బరు. శుభ్రంగా కడిగి తెచ్చిన."

"దేంతోని కడిగిండ్రు?"

చెప్పాను. ఆయన పట్టీని తీసుకుని రోడ్డు మీద గుండ్రంగా పరిచి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చాచి, జానలతో కొలిచాడు.

"అంబాసిడర్ రబ్బరు నా చేతికి పదిహేడు జానలు. ఇది పదిహేడున్నర అయ్యింది. గ్యాసు నూనె తాగి ఉబ్బింది. ఇట్ల ఎక్కిస్తే అద్దం కింద ముడతలు పడ్తది, నీళ్లు లోపలికొస్తయ్."

"మళ్లీ పదిహేడు ఎట్ల అయితది?"

"నూనె ఎగిరిపోవాలె. ఎండ, గాలి. ఇద్దరే ఉన్నరు దీని డాక్టర్లు." ఆకాశం వైపు చూశాడు. మబ్బు పట్టి ఉంది. "ఒక్కరే ఉన్నరు."

రేపు ఎనిమిదింటి సంగతి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న పని ముగించేదాకా అరుగు మీద కూర్చున్నాను. నిల్వ లెక్కలో ఒక మేకు తేడా వస్తే నిద్రపోని మనిషిని, పదిహేడు జానల రబ్బరును నా చేతులారా పాడు చేశాను. నేను అడగని సలహా కండక్టరు పొద్దునే ఇచ్చాడు.

గౌస్ భాయ్ వీధి కుళాయి దగ్గర పట్టీని సబ్బుతో రెండుసార్లు కడిగాడు. ఇద్దరం అఫ్జల్‌గంజ్ పోయి అద్దం తీసుకున్నాం. నేను ఆటో మాట్లాడబోతే వద్దన్నాడు.

"ఆటోల ఎగిరెగిరి పడ్తది. ఈ అద్దం నడిమి గుద్దితే పగలదు సాబ్, అంచుకు ఇనుము తాకితే చాలు, మొత్తం పాయె. రిక్షా మంచిది."

12.20కి నర్సయ్య రిక్షా ఎక్కాను, కంచన్‌బాగ్ దాకా ఆరు రూపాయలకు. అద్దాన్ని పాత బొంతలో చుట్టి, గోనెసంచి మీద నిలబెట్టి, నా మోకాళ్ల మధ్య పెట్టారు. రెండు చేతులతో పట్టుకున్నాను. ఇక మిగిలింది రబ్బరు. సైకిలుకు వేలాడదీస్తే గొలుసు గ్రీజు తగులుతుంది.

"మీ మెడల ఏసుకోండ్రి సాబ్. గాలి మంచిగ తగుల్తది" అన్నాడు గౌస్ భాయ్.

వేసుకున్నాను. రెండు పేటల నల్లని దండ మోకాళ్ల దాకా వచ్చింది. నయాపూల్ దాటి, పత్తర్‌గట్టీ మీదుగా, ఆ వేషంలో చార్మినార్ చేరాను. గాజుల బజారు మొగలో రద్దీకి రిక్షా ఆగిపోయింది. గాజులమ్మే ఒకామె బుట్ట దించి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏంది పెద్దాయనా, పెండ్లికి పోతున్నవా? దండ గట్ల నల్లగున్నదేంది?"

"పెండ్లికొడుకు గాదమ్మా, రబ్బరు ఆరవెడ్తున్నడు" అన్నాడు నర్సయ్య.

"మనిషి ఆరకముందే రబ్బరు ఆరాలె" అందామె. చుట్టూ ఉన్నవాళ్లు మస్తు నవ్వారు. గౌస్ భాయ్ గడ్డం తడుముకుంటూ మసీదు వైపు చూశాడు. ఆయనా నవ్వుతున్నాడని భుజాలు చెప్పాయి.

1.30కి భోజనం. అద్దాన్ని రిక్షాలో వదలడానికి లేదు కనుక ఒకరి తరవాత ఒకరం తిన్నాం. దారి పక్కన ఒక హోటల్లో రొట్టె, ఖీమా గౌస్ భాయ్‌కి, నాకు అన్నం, పప్పు. నర్సయ్య రెండూ తిన్నాడు. బయల్దేరే ముందు గౌస్ భాయ్ పట్టీని కొలిచాడు. పదిహేడు జానల మీద ఒక బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు. పొద్దున అరజానెడు ఎక్కువ ఉన్నది బెత్తెడుకు వచ్చింది. టైం వేసి రాసుకున్నాను.

అలియాబాద్ దాటాక సన్నగా తుంపర మొదలైంది. నేను గొడుగు తెరిచి రబ్బరు మీద పట్టాలనుకున్నాను, కానీ రెండు చేతులూ అద్దం మీద ఉన్నాయి.

"ఫికర్ చెయ్యకుండ్రి. నీళ్లకు ఏం కాదు, నూనెకే అయితది" అన్నాడు గౌస్ భాయ్, సైకిలు రిక్షా పక్కనే తొక్కుతూ. కొంచెం దూరం పోయాక అడిగాడు. "యాదగిరి సేటుకు చెప్పిండ్రా?"

"ఇంకా లేదు."

"చెప్పుండ్రి సాబ్. రేపు నీళ్లు కారితే గౌస్‌కు పని రాదంటరు. నాకు దుకాణం లేదు, బోర్డు లేదు. నోటి మాట మీద బతుకుతున్న."

చెప్తానన్నాను. ఫలక్‌నుమా ఎత్తు దగ్గర అద్దాన్ని గౌస్ భాయ్ పట్టుకుంటే, నేను దిగి రిక్షాను వెనక నుంచి తోశాను. ఎత్తు మీద గాలి బాగా ఉంది. అక్కడ పావుగంట ఆగాం. 3.05కి కొలిస్తే మూడు వేళ్లు ఎక్కువ.

4.20కి ఇల్లు చేరాం. యాదగిరి అప్పటికే కాగితాలతో వచ్చి, కారులోని గాజు పలుకులన్నీ ఏరి, వైపర్లు తుడుస్తున్నాడు. నా మెడలో రబ్బరు చూసి నిలబడిపోయాడు. వాకిట్లోనే జరిగింది చెప్పాను, ఏదీ దాచలేదు. అతను పట్టీని చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"నానవెడ్తుంటె నేను పక్కనే కూసున్న గద బాపు. నాకైన తోచిందా" అన్నాడు. కన్నతండ్రిని పిలిచినట్టే నన్ను బాపు అంటాడు.

"నూనె ఇచ్చింది నేను" అంది సత్తెమ్మ, పాలచెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి. "దీపాలకు లేదంటే రేషన్ల నిలవడి తెచ్చిన. ఇంత మంచి నూనె రబ్బరు తాగింది."

గౌస్ భాయ్ కొలిచాడు. రెండు వేళ్లు ఎక్కువ.

"రెండు వేళ్లే గద భాయ్. కోసి అతికియ్యి. పొద్దు గూకుతున్నది" అన్నాడు యాదగిరి.

"కొయ్య. ఈ రెండు వేళ్లు రబ్బరు కాదు సేటు, గ్యాసు నూనె. రేపు మాపు ఎగిరిపోతది. ఇయ్యాళ కోస్తే ఎల్లుండి సందు పడ్తది."

"ఎల్లుండి సంగతి ఎల్లుండి. నాకు రేపు ఎనిమిది కావాలె."

"నీకు రేపు కావాలె. నాకు ఎల్లుండి గూడ కావాలె" అని గౌస్ భాయ్ పట్టీని దండెం మీద వేసి, దాని కింద కూర్చుని బీడీ ముట్టించాడు. యాదగిరి లేచి బర్రెలకు నీళ్లు పెట్టి వచ్చాడు. మళ్లీ లేచి టైర్లు చూసి వచ్చాడు. సత్తెమ్మ విసనకర్ర తెచ్చి, ఎవరినీ అడగకుండా, రబ్బరుకు విసరడం మొదలుపెట్టింది. కాసేపటికి యాదగిరి ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

6.10కి ఒక వేలు.

"చాలు. ఇంత మిగిలి ఉండాల్నే. బిర్రుగుంటే మూలల కాడ గుంజుతది" అని గౌస్ భాయ్ లేచాడు.

చూడనివాళ్ల కోసం ఆ పని ఎలా చేస్తారో రాస్తున్నాను. ముందు రబ్బరు పట్టీని అద్దం చుట్టూ తొడుగుతారు. పట్టీకి బయటి వైపు ఉన్న గాడిలో ఒక గట్టి దారాన్ని చుట్టూ పోనిచ్చి, కొసలు లోపలికి వదులుతారు. సబ్బునీళ్లు పూసి అద్దాన్ని కారు చట్రానికి ఆనిస్తారు. ఒకరు బయటి నుంచి అరచేత్తో ఒత్తుతూ ఉంటే, లోపల కూర్చున్నవాడు దారాన్ని లాగాలి. దారం వచ్చిన చోటల్లా రబ్బరు అంచు చట్రం రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. తొందరపడితే రబ్బరు చిరుగుతుంది.

లోపల కూర్చోబోయిన యాదగిరిని గౌస్ భాయ్ ఆపాడు. "నీది స్టీరింగు చెయ్యి. తొందర ఉంటది. పెద్దసాబ్ కూసుంటరు."

కూర్చున్నాను. "ఇంచు" అన్నప్పుడు ఇంచు, "ఆగుండ్రి" అన్నప్పుడు ఆగడం. ఎగువ ఎడమ మూలలో ఆ వేలెడు రబ్బరంతా పోగై ఉబ్బింది. ఆయన వేలి కొనలతో దాన్ని అటూ ఇటూ సర్దుతూ, చుట్టుతా కొంచెం కొంచెం పంచాడు. అద్దానికి అవతల ఆయన ముఖం, ఇవతల నాది, జానెడు దూరం. నలభై నిమిషాలు పట్టింది. దారం చివరి కొస నా చేతిలోకి వచ్చింది.

నాలుగు బిందెల నీళ్లు పోశాం. యాదగిరి లోపల నుంచి తడిమి, పొడిగానే ఉందన్నాడు.

"బిందె నీళ్లతోని తెల్వదు. వాన పడితే తెలుస్తది" అని గౌస్ భాయ్ డబ్బా సైకిలుకు కట్టుకుని ఏడింటికి బయల్దేరాడు.

మరుసటి ఉదయం, గురువారం. రాత్రంతా వాన. ఐదింటికి లేచి పోతే యాదగిరి అప్పటికే కారులో కూర్చుని ఉన్నాడు. డాష్‌బోర్డు మీద అరచేయి పెట్టి నాకు చూపించాడు. పొడిగా ఉంది. అతనితో పాటు వెనక సీట్లో కూర్చుని నేనూ గేటు దగ్గరికి పోయాను. 7.40కి చేరాం. ఇంకో కారు మా ముందే ఉంది. మూడోది రాలేదు.

గొడుగు పట్టుకుని ఒక ఆఫీసరు వచ్చాడు. ముందున్న కారు చుట్టూ తిరిగి, ఏదో రాసుకున్నాడు. మా కాగితాలు చూశాడు, స్టెప్నీ తీయించాడు, హారన్ కొట్టించాడు. తరవాత ముందు సీట్లో కూర్చుని వైపర్లు వేయమన్నాడు. అద్దంలోంచి ఎదుటి రోడ్డు వైపు చూశాడు.

"బేగంపేట ఎయిర్‌పోర్టుకు పోవాలి. ఢిల్లీ నుంచి మనిషి దిగుతున్నాడు. ఇప్పుడే పోదాం. డ్యూటీ ఇవాళ్టి నుంచే రాసుకో" అన్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "ఈయనెవరు?"

"మా బాపు సార్" అన్నాడు యాదగిరి.

నేను గొడుగు తీసుకుని దిగాను. కారు మలుపు తిరిగేదాకా వైపర్లు ఆడుతూ కనిపించాయి.

ఇంటికి రెండు మైళ్లు. బస్సు ఉంది గానీ నడిచాను. నా డైరీల్లో కాశీ ఉంది, రామేశ్వరం ఉంది. కంచన్‌బాగ్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా పోయిరావడం ప్రయాణంగా రాసుకోవడం ఇదే మొదలు. తెలిసినవాణ్ని అడక్కుండా ఏదీ కిరోసిన్‌లో వేయవద్దని, అద్దం తేవాలంటే రిక్షాయే మంచిదని, గౌస్ భాయ్ కావాలంటే అఫ్జల్‌గంజ్ దుకాణంలో అడిగితే ఏ సందులో ఉన్నాడో చెప్తారని, పోయేవాళ్ల కోసం రాస్తున్నాను.

మా సందు మొదట్లోనే సత్తెమ్మ ఎదురైంది. వానలో నేను ఒక్కణ్నే నడిచి రావడం చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"కారేది బాపు?"

"డ్యూటీల ఉన్నది" అన్నాను.

ఆమె తడిసిన అరుగు మీద అలాగే కూర్చుండిపోయింది.