మైకులో అన్న ‘నువ్వు’

ఆ ఏడు మా దర్జీల సంఘం సభ ఎల్.బి. నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులు. పొద్దున తిరిగిన బస్సు మధ్యాహ్నానికి తిరుగుతుందన్న నమ్మకం లేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినా, ఒకసారి విన్న కొలత మర్చిపోయేదాన్ని కాదు. అందుకే నన్ను వేదిక ఎక్కించారు.

ఎక్కించింది మా మాస్టరు. ముప్పై ఏళ్ల కిందట గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. ఆ నెలలోనే ఎవరో ఆయన షట్టర్ మీద తారుతో ‘ఆంధ్రోడా పో’ అని రాశారు. కిరోసిన్ పోసి రుద్దినా మరక పోలేదు. అప్పుడే ఆయన పట్టుబట్టాడు, సభలో మూడు నియమాలు పెట్టాలని. ఎవరినీ ఊరు, కులం, మతం పేరుతో తిట్టకూడదు. ఆడవాళ్లు మాట్లాడుతుంటే ఈలలు వేయకూడదు. నల్లగొండ వాళ్లయినా, కోస్తా వాళ్లయినా, సైదాబాద్ ముస్లిం దర్జీలయినా వేదిక మీద అందరికీ కుర్చీ ఉండాలి.

“ఇవి ఒప్పుకుంటే ఉంటానమ్మాయ్. లేదంటే నెలాఖరుకి షాపు తీసేస్తా. మా ఊరెళ్లిపోతా” అన్నాడు.

ఆయన పోతే నాకు ఈ పట్నంలో పుట్టిల్లు పోయినట్టే. మూడు నియమాలూ జాకెట్ కొలతల్లాగా బట్టీ పట్టాను.

సభ రోజు మైకులో మొదటిది చెప్పగానే చప్పట్లు కొట్టారు. రెండోదానికి వెనక వరసలోంచి ఎవడో ఈల వేశాడు, హాలంతా నవ్వింది. మూడోది చెప్పే ముందు ధైర్యానికి మాస్టరును పిలిచాను.

“మాస్టరూ, నువ్వు గూడ పైకి రా. నువ్వు లేకుంట గీ మాట నేనెట్ల చెప్త?”

ముందు వరసలో సఫారీ సూట్లు కుట్టే ఒకాయన లేచాడు. ఆయనదీ కోస్తానే.

“ఆగమ్మా. అంత పెద్దాయన్ని పట్టుకుని నువ్వంటావేంటి? మర్యాద గురించి చెప్పడానికొచ్చి నీకే మర్యాద తెలీదా?”

నేను చేసిన తప్పేమిటో నాకు అర్థం కాలేదు. మా ఊళ్లో తాతనూ నువ్వనే అంటాం, దేవుణ్ణీ నువ్వనే అంటాం. నేను నోరు తెరిచేలోపే, మా పక్క షాపులో ప్యాంట్లు కుట్టే అన్న లేచాడు. మా నల్లగొండ మనిషే.

“మా మాట గంతనే. నీ అండీలు మాకు నేర్పనీకి ఒచ్చినవా?”

“నేర్చుకుంటే చెడిపోరులే.”

“బతకనీకి ఒచ్చినోనివి, బతుకు. పంతులువి గాకు.”

ఆ మాట తర్వాత లేచింది కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ తేలిక అనుకుంటాం. కాలు విరిగి మొన తేలిందంటే అది కత్తే. ఏ గొడవలోనూ లేని మన్సూరాబాద్ మనిషి ఒకాయన దవడ చీలి తెల్లచొక్కా ఎర్రబడింది. సైదాబాద్ ముసలి దర్జీ ఒకాయన “జర ఆగుండ్రి భాయ్” అంటూ చేతులు అడ్డం పెట్టాడు. ఇటువాళ్లూ కొట్టారు, అటువాళ్లూ కొట్టారు. కింద పడ్డాక కూడా తొక్కారు.

సఫారీ ఆయన వేదిక ఎక్కి నా చేతిలో మైకు లాగాడు. నా గాజులు పగిలి మణికట్టులో దిగాయి. ఆ మైకుతోనే ఆయన మూతి మీద కొట్టాను. అది ఇంకా ఆన్‌లోనే ఉంది. దెబ్బ స్పీకర్లలోంచి ధబ్‌మని హాలంతా వినిపించింది. పన్ను ఊడి నా చీర కుచ్చిళ్ల మీద పడింది. మళ్లీ కొట్టాను. నియమాలు నోట్లో ఉండగానే కొట్టాను.

కొత్త రకం కత్తెరలు చూపించడానికి వేదిక పక్కన బల్ల మీద పేర్చి పెట్టారు. ప్యాంట్లు కుట్టే అన్న అందులో పెద్దది తీసుకుని సఫారీ ఆయన మీదికి వచ్చాడు. మాస్టరు ఎప్పుడు మెట్లెక్కాడో తెలియదు. ఉత్త చేత్తో ఆ కత్తెర పట్టుకున్నాడు. అన్న ఆగలేదు, లాగాడు. బొటనవేలి మొదట్లో మాంసం విచ్చుకుని తెల్లగా ఎముక కనపడింది. తర్వాతే రక్తం వచ్చింది. అది చూసి అన్న కత్తెర వదిలేసి గోడకు ఆనుకున్నాడు.

నా కొంగు చింపి చుట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను.

“మాస్టరూ, నన్ను ఏమన్న అను. నా నోటితోనే అయింది గిదంత” అన్నాను.

ఆయన కుట్లు వేస్తున్న డాక్టరును చూస్తూ, “కుట్టు ఎడంగా పడుతోంది బాబూ, కాస్త దగ్గరగా వెయ్యి” అన్నాడు. డాక్టరు నవ్వాడు. మాస్టరు నవ్వలేదు.

పుండు మానింది గానీ వేలు వంగలేదు. ఆ చెయ్యి మళ్లీ కత్తెర పట్టలేదు. సఫారీ ఆయన పన్ను కట్టించుకున్నాడు. క్షమించమని అడగడానికి ఆయన షాపుకు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మిషను ఆపలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడడు.

నెలాఖరుకు మాస్టరు షాపులో సామాను కట్టుకుంటుంటే నేను సాయం చేస్తున్నాను. అన్న వచ్చి గడప బయట నిలబడ్డాడు.

“మాస్టర్ గారూ, మీరు... జర లోపలికి రమ్మంటరా?” అన్నాడు. ఆ ‘మీరు’ అతని నోటికి పట్టడం లేదు.

“ఎవరితోరా మాట్లాడుతున్నావు? ఇక్కడ మీరు అనేవాడెవడూ లేడు.”

“మరేమనాలె?”

“ఇన్నేళ్లూ ఏమన్నావో అదే.”

అన్న తల దించుకున్నాడు. “నువ్వు పోకు మాస్టరూ” అన్నాడు.

మాస్టరు కట్టిన మూట విప్పి, బట్ట పరిచి, ఎడమ చేత్తో సుద్ద తీసి గీత గీశాడు. గీత వంకర పోయింది. కత్తెర అన్న దగ్గరికి జరిపాడు. అన్న ముట్టుకోలేకపోయాడు. నేను తీసుకుని ఆ వంకర గీత మీదే కత్తిరించాను.