లాస్య బొంగురు గొంతు

పద్మారావు నగర్‌లో ఉండే కల్పలత కూతురు లాస్యకు పుట్టుకతోనే బొంగురు గొంతు. స్కూలు వార్షికోత్సవంలో పిల్ల స్వాగతం చెబుతుంటే, క్లాసులోని యోగిత ఫోన్లో తీసి, బర్రె అరుపు కలిపి ఇన్‌స్టాలో పెట్టింది. తోటి ఆడపిల్లలే ఒకరిని మించి ఒకరు కింద వెక్కిరింతలు కుమ్మరించారు. కల్పలత స్కూలుకెళ్లి అందరినీ కడిగేసింది. వీడియో పోయింది, యోగిత క్షమాపణ కూడా చెప్పింది. లాస్య మాట మాత్రం తిరిగి రాలేదు. వంటింట్లో ఉన్న తల్లికి పక్క గదిలోంచి ‘ఆకలి’ అని మెసేజ్ పెట్టేది.

నానమ్మ దేవమ్మ బతిమాలలేదు, బెదిరించలేదు. బతుకమ్మ రోజులు రాగానే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని గునుగు పూలకు రంగులద్దించింది. ఆ వాడలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. ఆమె ఎలా అంటే అలాగే, చప్పట్లు చరుస్తూ చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా తిరిగి అనాలి.

సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆట మధ్యలో దేవమ్మకు దగ్గు తెర వచ్చింది. పాట ఆగిపోయింది.

“నాతోని గాదు బిడ్డా, జెర నువ్వందుకో,” అంది లాస్యతో.

“అత్తమ్మా, దాన్ని పరేషాన్ చెయ్యకుండ్రి!” కల్పలత అడ్డం రాబోయింది. చుట్టూ అప్పటికే ఫోన్లు లేచి ఉన్నాయి. ఆమె భయమంతా వాటి గురించే.

లాస్య ఆ ఫోన్లను చూసింది. కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. పైకి వెళ్లేసరికి గొంతు జీరపోయి, పగిలిపోయింది. ఇక అందరూ నవ్వుతారనుకుంది కల్పలత.

ఎవరు నవ్వుతారు! ఈ ఏడు రాగం మారింది కాబోలనుకుని, వాడ వాడంతా గొంతు బొంగురు చేసుకుని, సరిగ్గా అక్కడే పగలగొట్టి మరీ పాడింది. లాస్య కళ్లు తెరిచింది. ఫక్కున నవ్వి, రెండో చరణం ఇంకా గట్టిగా అందుకుంది. అంతమంది ఆడవాళ్లు తన కూతురి గొంతుతో పాడుతుంటే కల్పలత చప్పట్లు మరిచి చేతులు జోడించింది, ఎవరికో ఆమెకే తెలియదు. దేవమ్మకు మాత్రం ఆ తర్వాత దగ్గన్నదే రాలేదు. ఇదేమిటని ఆ ముసలమ్మను అడిగే ధైర్యం ఎవరికుంది?

మర్నాడు కల్పలత పోపు వేస్తుంటే గదిలోంచి కేక వినిపించింది.

“అమ్మా, నా చార్జర్ యాడుంది?”

చార్జర్ ఆమె కళ్లముందే, మిక్సీ పక్కన ఉంది. కల్పలత పలకలేదు. పొయ్యి ఆపేసి, రెండోసారి పిలిచేదాకా అలాగే నిల్చుంది.

“అమ్మా! నిన్నే!”