అడుగు కలపని డోలీ

జూలై రెండో వారం, సోమవారం సాయంత్రం నాలుగింటికి, ముంచింగిపుట్టు దాటి ఒక గిరిజన బాలికల హాస్టల్ ముందు మా జీపు ఆగింది. వాన. ఫోనుకు సిగ్నల్ లేదు. జీపులో రెండు వాకీటాకీలు, ముప్పై మీటర్ల తాడు, ఒక స్ట్రెచరు, మందుల పెట్టె. మనుషులం ఇద్దరం: హవల్దారు గారు, ఆయన కింద నాయక్‌గా నేను. ఆర్డరు చిన్నది. తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మందికి ఆరు వారాల్లో, ఆపద వస్తే ఏం చెయ్యాలో నేర్పాలి.

సరిహద్దులో పన్నెండేళ్లు చేసినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను.

లచ్చిమి అనే గుంట నా ప్రాణం తీసింది. స్ట్రెచరు పట్టుకుంటే ఆ పిల్ల అడుగు ఎవరి అడుగుతోనూ కలవదు.

"లెఫ్టేదో రైటేదో తెలీదేటే?"

"తెలుసు సారూ. మోత మోసేటప్పుడు అడుగులు కలిత్తే ఊగుతాది. మా ఊళ్లో డోలీ అలగ మొయ్యరు."

రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగిని గడకు కట్టిన దుప్పట్లో మోసుకొస్తారు చూడండి, అదే డోలీ. "ఇది మిలటరీ పద్ధతి" అని ఆ పిల్లను పక్కన నిలబెట్టాను. మిగతా ఏడుగురికీ లెఫ్ట్ రైట్ బాగానే వచ్చింది.

నాలుగో వారం, బుధవారం. ఆ ఎనిమిది మందికీ తాడు పట్టుకుని గెడ్డ, అంటే కొండవాగు, దాటే పాఠం. స్ట్రెచరు తీసుకెళ్లలేదు. హవల్దారు గారు హాస్టల్లో ఒక వాకీటాకీ సెట్టు దగ్గరున్నారు, రెండోది మాతో ఉంది.

"సారూ, బూట్లు ఇప్పేయండి. పాసి రాళ్లు," అంది లచ్చిమి.

"ఈ బూట్లతో మంచుకొండలెక్కానే!"

పిల్లలు అవతలికి వెళ్లి తిరిగొచ్చారు. నేను ఆఖరున. పదకొండూ ఇరవైకి జారాను. కుడికాలు రాళ్ల సందున ఇరుక్కుని మోకాలి కింద చప్పుడైంది. నీళ్లు ఎర్రబడుతున్నాయి. పైకొండ మీద వాన పడుతోందన్నమాట. ఇంకాసేపైతే గెడ్డ నన్ను ఉంచదు. నడుముకున్న తాడు పట్టుకుని ఎనిమిది మందీ ఒడ్డుకు లాగారు. లేవబోయాను.

"కదలకండి! కట్టు కట్టేదాకా కదలకూడదని మీరే సెప్పినారు," అంది లచ్చిమి.

రెండు కర్రలు, నాలుగు చున్నీలు. బూటు మెల్లగా విప్పి, వేళ్లు గిల్లి "తెలుత్తందా?" అని అడిగింది. అంతా నేను నేర్పిందే. తర్వాత సెట్టు అందుకుంది.

"బేస్, బేస్. గెడ్డ దగ్గర ఒకరికి దెబ్బ. కాలిరిగింది. మెలకువగా ఉన్నారు. రోడ్డు మీదకి అంబులెన్స్ బేగి పంపండి. ఓవర్."

"నాయక్‌కి ఇవ్వమ్మా సెట్టు. ఓవర్."

"నాయక్ సారే పేషెంటు సార్. కమాండర్ని నేను. ఓవర్."

తాడు పాఠానికి తెచ్చిన వెదురు గడకు, నేల మీద పరుచుకునే నా గ్రౌండ్ షీటు కట్టారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ముందున్న పిల్ల "లెఫ్ట్, రైట్" అని మొదలుపెట్టింది. డోలీ ఉయ్యాలైపోయింది. ప్రతి ఊపుకీ విరిగిన చోట కత్తి దిగినట్టుంది. కేక పెట్టాను.

"ఆపండే ఆ లెఫ్ట్ రైటు! సారుకే తగుల్తంది. ఒకలడుగు ఒకలు కలపకండి."

పిల్లలు పకపకా నవ్వారు. ఏడుస్తూ నేనూ నవ్వాను. అక్కణ్ణుంచి డోలీ ఊగలేదు. రెండున్నర కిలోమీటర్లు భుజాలు మార్చుకుంటూ మోశారు. పన్నెండూ యాభై అయిదుకి రోడ్డు. అంబులెన్స్ అప్పటికే వచ్చి ఉంది.

"కట్టు ఎవరు కట్టారు? కాలు దక్కిందంటే దీనివల్లే," అన్నారు ఆస్పత్రిలో డాక్టరు.

"మా కమాండరు," అన్నాను.

ఆరో వారం ఆఖరి రోజున చంకకర్రలతో హాస్టల్‌కి వెళ్లాను. లచ్చిమిని ముందు నిలబెట్టి, అడుగు కలపకుండా ఎలా మొయ్యాలో అందరికీ ఆ పిల్లచేతే చెప్పించాను. హవల్దారు గారూ, నేనూ వరసలో నిలబడి నేర్చుకున్నాం. మర్నాడు ఇంటికి బయల్దేరాను.

ఇప్పుడు ఏటా జనవరి ఇరవయ్యారున ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుంటాం. వందల బూట్లు ఒక్కసారిగా నేలను తాకుతాయి. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం డోలీలోంచి చూసిన ఎర్రటి బురద బాట కనిపిస్తుంది. దాని మీద నన్ను మోస్తున్న నలుగురివి, చెప్పుల్లేని ఎనిమిది చిన్న పాదాలు. ఏ రెండూ ఒక్కసారి పడవు.